ఇంటిల్లిపాదీ ఆడే పటం ఆటలు

ఇంట్లోని పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుని, గళ్ళు గీసిన పటం మీద కాయలు నడుపుతూ ఆడే ఆటలను పటం ఆటలు, గళ్ళ ఆటలు లేదా కూర్చుని ఆడే ఆటలు అని వ్యవహరిస్తారు. ఇంగ్లీషు మాట అలవాటైనవారు వీటినే బోర్డు ఆటలు అంటారు. అష్టాచెమ్మా, వైకుంఠపాళి, పచ్చీసు, పులిజూదం, దాడి, వామనగుంటలు తెలుగునాట తరతరాలుగా ఆడుతున్న ఆటలు. లూడో, కేరమ్సు, బిజినెస్ వంటివి ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చి చేరాయి. గడచిన రెండు మూడు దశాబ్దాలలో ఐరోపా, అమెరికాలలో రూపొందిన మరికొన్ని ఆటలు పట్టణాలలోని తెలుగు ఇళ్ళలోకి, విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోకి ప్రవేశించాయి. పాత ఆటలు వాడుకలో ఉన్న ఇంటిలోకి కొత్త ఆట వచ్చినపుడు ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు, ఎవరు ఆట నుండి తప్పుకుంటారు అనే అంశాన్ని ఈ వ్యాసం కృష్ణా డెల్టా దిగువ భాగంలోని గుడివాడ, నందివాడ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని వివరిస్తుంది.

ఆడే చోటు, ఆడే కాలం

నందివాడ కృష్ణా జిల్లాలో గుడివాడకు సమీపంలో ఉన్న గ్రామం, అదే పేరుగల మండలానికి కేంద్రం. బుడమేరు, కొల్లేరుల దాపున ఉన్న పల్లపు ప్రాంతమిది. నేల నల్లరేగడి. వాన పడితే బురద కాలికి అంటుకుని ఒక పట్టాన విడవదు. ముసురు పట్టిన రోజులలో బయట తిరిగే పని లేక ఇంటిపట్టున ఉండిపోవడం, వేసవిలో వడగాలికి వెరచి మధ్యాహ్నమంతా నీడపట్టున గడపడం ఇక్కడి జీవితంలో భాగం. కూర్చుని ఆడే ఆటలకు ఈ రెండు కాలాలే అనువైనవి. వీధి అరుగు, పంచ, నడవ ఆటస్థలాలు. సుద్దముక్కతోనో, బొగ్గుతోనో, ఇటుకముక్కతోనో గళ్ళు గీస్తే పటం సిద్ధమవుతుంది. కొందరు కొత్తగా గచ్చు చేయించుకునేటపుడు తడి ఆరకముందే అష్టాచెమ్మా గళ్ళు గీయించుకునేవారు. అటువంటి గచ్చు అరుగులు పాత ఇళ్ళతోపాటే కనుమరుగవుతున్నాయి.

పండుగలకు కూడా ఈ ఆటలతో సంబంధం ఉంది. మహాశివరాత్రి నాడు జాగారం చేసేవారు నిద్ర ఆపుకొనడానికి వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఆడడం ఆనవాయితీ. ముక్కోటి ఏకాదశి నాటి రాత్రి కూడా వైకుంఠపాళి పరచే ఇళ్ళు ఉన్నాయి. సంక్రాంతికి కూతుళ్ళు, అల్లుళ్ళు, మనుమలు చేరినపుడు ఆటకు మనుషుల కొరత ఉండదు.

వరి ప్రధానమైన పంటగా ఉన్నంతకాలం నాట్లకు, కోతలకు నడుమ కొంత తీరిక దొరికేది. 1980ల తరువాత కొల్లేరు పరిసరాలలో అనేక పొలాలు చేపల చెరువులుగా మారాయి. చెరువుకు మేత, నీరు, కాపలా ఏడాది పొడుగునా కావాలి. హైదరాబాదు దూరదర్శన్ 1977లోను, ఈటీవీ 1995లోను ప్రసారాలు ప్రారంభించాయి. మధ్యాహ్నపు తీరికలో పెద్ద భాగాన్ని ఆ తరువాతి కాలంలో టీవీ ధారావాహికలు తీసుకున్నాయి. పాత ఆటలు తగ్గడానికి పిల్లల అశ్రద్ధే కారణమని తరచు వినిపించే మాట పూర్తిగా సరికాదు. పెద్దలకు తీరిక తగ్గింది, ఉన్న తీరిక వేరే వైపు మళ్ళింది.

సామగ్రి, మాటలు

పాత ఆటలకు కొని తెచ్చుకోవలసిన వస్తువు దాదాపు ఏదీ లేదు. పందెం వేయడానికి గవ్వలు. అవి లేనిచోట చింతపిక్కలను ఒకవైపు గరుకు రాతి మీద అరగదీసి, తెల్లని పప్పు కనిపించేటట్లు చేసి వాడతారు. కాయలుగా గాజుముక్కలు, గులకరాళ్ళు, సీతాఫలం గింజలు, విరిగిన బలపాలు ఏవైనా సరిపోతాయి. ఒకరి కాయ మరొకరి కాయతో కలిసిపోకుండా ఉంటే చాలు.

ఈ ఆటలకు సొంత పరిభాష ఉంది. గవ్వలు విసరడం పందెం వేయడం. పడిన సంఖ్య పందెం. గమ్యం చేరిన కాయ పండింది అంటారు. ఎదుటివారి కాయ ఉన్న గడిలోకి తన కాయను తెచ్చి దానిని వెనుకకు పంపడం చంపడం. నియమం తప్పి ఆడడం తొండి. మరీ చిన్నపిల్లలను నొప్పించకుండా ఆటలోకి చేర్చుకుని, వారి గెలుపోటములను లెక్కలోకి తీసుకోకుండా ఉంటే ఆ పిల్లను లేదా పిల్లవానిని ఆటలో అరటిపండు అంటారు. అరటిపండు ఆటలో ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. ఈ మాట ఈ వ్యాసంలో మరొకచోట అవసరమవుతుంది.

అష్టాచెమ్మా

నిలువు అయిదు, అడ్డం అయిదు చొప్పున 25 గళ్ళు గీస్తారు. నాలుగు వైపులా మధ్య గడిలోను, పటం నడిమి గడిలోను అడ్డగీతలు కొడతారు. ఈ అయిదు గళ్ళలో ఉన్న కాయను చంపరాదు. నలుగురు నాలుగు వైపులా కూర్చుంటారు. ఎవరి వైపు అడ్డగీతల గడి వారి ఇల్లు. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. నాలుగు గవ్వలు వేసినపుడు వెల్లకిలా పడిన గవ్వల సంఖ్యే పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అనగా నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అనగా ఎనిమిది. ఆట పేరు ఈ రెంటి నుండి వచ్చినదే. అష్ట గాని, చెమ్మ గాని పడినవారికి మరల వేసే అవకాశం ఉంటుంది. కాయ వెలుపలి వరుసలోని 16 గళ్ళ మీదుగా అపసవ్యంగా తిరిగి, లోపలి వరుసలోని 8 గళ్ళలో సవ్యంగా నడిచి, నడిమి గడిలో పండుతుంది. అంటే ప్రతి కాయా పటంలోని ప్రతి గడి మీదుగానూ పోవలసిందే. ఇంటి నుండి పండే వరకు మొత్తం 24 అడుగులు.

గవ్వలు వెల్లకిలా, బోర్లా సమానంగా పడతాయని అనుకుంటే 16 పందేలకు 1 అష్ట, 1 చెమ్మ, 4 ఒకట్లు, 6 రెండ్లు, 4 మూళ్ళు సగటున పడాలి. కాయ ఇంటిలో నుండి కదలడానికి అష్టో, చెమ్మో పడి తీరాలనే నియమం పాటించే ఇళ్ళలో ఎనిమిది పందేలకు ఒకసారి మాత్రమే ఆ భాగ్యం కలుగుతుందన్నమాట. అందుకే మొదటి కాయ దిగడానికి పట్టే సమయంలోనే సగం కబుర్లు అయిపోతాయి. నిజమైన గవ్వలు ఇంత న్యాయంగా పడవు. పాత గవ్వలను చేతితో తూచి చూసి ఏది ఎటు మొగ్గుతుందో చెప్పగలిగిన వృద్ధులు ఉండేవారు. పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పడానికి ఇంతకంటె తేలికైన సాధనం లేదు.

నియమాలలో ఇంటింటికీ తేడాలు కలవు. కనీసం ఒక కాయను చంపిన తరువాతనే లోపలి వరుసలోకి పోవాలనేది చాలాచోట్ల ఉన్న నియమం. ఒకే గడిలో తన కాయలు రెండు చేరితే జంటగా నడపవచ్చునని కొందరు, కూడదని కొందరు. వరుసగా మూడుసార్లు అష్టో చెమ్మో పడితే ఆ పందేలన్నీ చెల్లవని మరికొందరు. ఈ నియమాలను ఎవరూ రాసి పెట్టలేదు. కోడలు కాపురానికి వస్తూ పుట్టింటి నియమాలను కూడా తెచ్చేది. ఆట మొదలుపెట్టే ముందు "మా ఊళ్ళో ఇలా ఆడరు" అనే వాదన తప్పనిసరి. ఆ వాదనను తీర్చే అధికారం ఇంటిలో వయసు మళ్ళిన స్త్రీది. పాత పటం ఆటల విషయంలో గ్రంథం, గురువు, న్యాయాధికారి అన్నీ ఆమే. ఆట చూస్తూ చూస్తూ పిల్లలు నేర్చుకునేవారు గాని, కూర్చోబెట్టి నేర్పడమనేది అరుదు.

ఈ ఆట పేరుతో ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వంలో 2008లో అష్టా చమ్మా అనే చలనచిత్రం వచ్చింది. ఆ కథకు మూలం ఆస్కార్ వైల్డ్ నాటకం.

వైకుంఠపాళి

దీనికి పరమపదసోపాన పటమని, పాముపటమని కూడా పేర్లు కలవు. తెలుగునాట ప్రచారంలో ఉన్న అచ్చుపటంలో సాధారణంగా 132 గళ్ళుంటాయి. నిచ్చెనలు సద్గుణాలకు, పాములు దుర్గుణాలకు గుర్తులు. పై వరుసలలో దేవలోకాలు, అన్నిటికన్న పైన వైకుంఠం. వైకుంఠానికి చేరువలోనే కాచుకుని ఉండే పెద్దపాము అరుకాసురుడు. దాని నోట పడిన కాయ దాదాపు అడుగుకు దిగివస్తుంది. ఆటలో నైపుణ్యానికి తావు లేదు, పందెం ఎంత పడితే అంతే. పెద్దలకు విసుగు పుట్టించే ఈ లక్షణమే ఆటను ఇంటిల్లిపాదికీ సమానం చేస్తుంది. ఆరేళ్ళ పిల్ల తాతగారిని ఓడించగలిగిన పోటీలు లోకంలో ఎక్కువ లేవు.

ఉత్తరభారతంలో ఇటువంటి ఆటనే జ్ఞానచౌపడ్ అంటారు. 72 గళ్ళ పటాలు వైష్ణవులలోను, 84 గళ్ళ పటాలు జైనులలోను కనిపిస్తాయి. ఆంగ్లేయులు దీనిని 19వ శతాబ్దం చివరలో తమ దేశానికి తీసుకుపోయి, గళ్ళను 100కు తగ్గించి, దేవతలను తొలగించి, బడికి పోయే పిల్లల మంచి పనులను, చెడ్డ పనులను చిత్రించారు. అమెరికాలో 1943లో పాముల స్థానంలో జారుడు బల్లలు వచ్చాయి. నేడు మన బజారులో లూడో అట్టకు వెనుకవైపు ముద్రించి అమ్మే వంద గళ్ళ పాముపటం ఇక్కడినుండి పోయి, పేర్లు పోగొట్టుకుని తిరిగివచ్చినదే. అరుకాసురుడు దానిలో లేడు.

పులిజూదం, దాడి, వామనగుంటలు

పులిజూదం లేదా పులి-మేక ఇద్దరు ఆడే ఆట. త్రికోణాకారపు పటంలో 23 కూడళ్ళు. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. మేకలవారు ఒక్కొక్క మేకనే పటం మీద పెడుతూ వస్తారు. పులి మేక మీదుగా దూకి అవతలి ఖాళీ కూడలిలో పడితే మేక చచ్చినట్లు. మేకలన్నీ కూడి పులులను కదలనీయకుండా కట్టివేస్తే మేకలవారు గెలుస్తారు. పాత దేవాలయాల మండపాలలో నేలపై పరచిన రాళ్ళమీద ఈ పటాలు చెక్కి ఉండడం చూడవచ్చు. నేపాలులో ఆడే బాగ్‌చాల్ అనే ఆటలో నాలుగు పులులు, ఇరవై మేకలు ఉంటాయి.

దాడి ఆటలో ఒకదానిలో ఒకటిగా గీసిన మూడు చతురస్రాలు, 24 కూడళ్ళు, ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. మూడు కాయలు ఒక వరుసలో పేరిస్తే దాడి. అపుడు ఎదుటివారి కాయ ఒకటి తీసివేయవచ్చు. ఐరోపాలోనూ ఇదే ఆట చాలా పాతది.

వామనగుంటల పీటలో రెండు వరుసలలో ఏడేసి గుంటలు ఉంటాయి. ఒక గుంటలోని చింతపిక్కలను తీసి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతారు. చేతిలోనివి అయిపోయినపుడు తరువాతి గుంట ఖాళీగా ఉంటే దానిని తుడిచి, దాని పక్క గుంటలోని పిక్కలను గెలుచుకుంటారు. తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళిమణె ఇదే. ఈ జాతి ఆటలు ఆఫ్రికా అంతటా వ్యాపించి ఉన్నాయి. స్త్రీలు విశేషంగా ఆడే ఈ ఆటలో లెక్క చాలా ముఖ్యం. బడి ముఖం చూడని వారు కూడా పీట వంక ఒకసారి చూసి ఏ గుంట ఎత్తితే ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగేవారు.

పచ్చీసు, లూడో

పచ్చీసుకు, దానికి దగ్గర చుట్టమైన పగడసాలకు ప్లస్ గుర్తు ఆకారపు గుడ్డపటం వాడతారు. పచ్చీసు అనగా ఇరవైఅయిదు, ఆటలో అది పెద్ద పందెం. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ఆవరణలోని నేల మీద ఈ పటం నేటికీ ఉంది. ఇంగ్లండులో 1896లో ఈ ఆటను సులభం చేసి, గవ్వలకు బదులు పాచిక పెట్టి, లూడో అనే పేరుతో పేటెంటు పొందారు. లూడో భారతదేశానికి తిరిగివచ్చి పచ్చీసు కంటె ఎక్కువ ఇళ్ళలో చోటు సంపాదించుకుంది.

ఈ రాకపోకలలో ఒక విలువైన అంశం జారిపోయింది. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. తన కాయలు పండినా జతగాని కాయలు పండే వరకు గెలుపు లేదు. నాయనమ్మకు జతగా మనుమడు కూర్చుంటే పిల్లవాడు తప్పు ఎత్తు వేయబోయినపుడు ఆమె కనుసైగతో ఆపేది. నేర్పుతున్నట్లు ఎవరికీ తెలియకుండా నేర్పడానికి అది మంచి ఏర్పాటు. లూడోను సాధారణంగా ఎవరికి వారే ఆడతారు.

దక్షిణదేశంలో కొత్త ఆటలు పుట్టడం కొత్త కాదు. మైసూరు పాలకుడు మూడవ కృష్ణరాజ ఒడయరు (మరణం 1868) అనేక పటం ఆటలను స్వయంగా కల్పించాడు.

జూదమనే అనుమానం

గవ్వలు, పాచికలు అనగానే పెద్దలకు ధర్మరాజు గుర్తుకు వస్తాడు. పాత తెలుగులో పాచికలాటకు నెత్తమని పేరు. అదృష్టానికి ఏ మాత్రం చోటులేని పులిజూదానికి కూడా జూదమనే పేరు అంటుకుని ఉంది. చదువుకునే పిల్లలను ఈ ఆటలకు దూరంగా ఉంచిన ఇళ్ళు ఉన్నాయి. డబ్బు ఒడ్డి ఆడే ఆటలకు ఆంధ్రప్రదేశ్ జూద చట్టం (1974) వర్తిస్తుంది. డబ్బు ప్రసక్తి లేకుండా ఇంట్లో అష్టాచెమ్మా ఆడుకోవడం జూదం కాదు. అయితే పందెం అనే మాటకు వేసిన సంఖ్య అని, ఒడ్డిన సొమ్ము అని రెండు అర్థాలుండడం వల్ల అనుమానం పూర్తిగా పోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని, కేంద్రం 2025లో చేసిన చట్టం ద్వారా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించాయి.

గుడివాడ, చదరంగం

ఇంటిలోని పటం ఆట ఎంతదూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఈ ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. ప్రపంచ ప్రసిద్ధ చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపి 1987 మార్చి 31న గుడివాడలో జన్మించింది. తండ్రి కోనేరు అశోక్ చదరంగం ఆటగాడు. కుమార్తెకు తొలి గురువు ఆయనే. ఆమె శిక్షణకోసం అధ్యాపక ఉద్యోగాన్ని సైతం వదులుకున్నాడు. హంపి 1997లో పదేళ్ళలోపు బాలికల ప్రపంచ విజేత. 2002లో 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది, అప్పటివరకు జుడిత్ పోల్గార్ పేరున ఉన్న అతి పిన్న వయస్కురాలి రికార్డును అధిగమించింది. 2019లోను, 2024లోను ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతగా నిలిచింది. 2025లో బతూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పులో ఫైనలుకు చేరి, దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేకులో ఓడింది. 2007లో పద్మశ్రీ అందుకున్నది.

ఇక్కడ నేర్పినవాడు తండ్రి, నేర్చుకున్నది కుమార్తె. కొద్దికాలానికి కుమార్తె తండ్రిని మించిపోయింది. చదరంగంలో ఇది సహజం, అవమానమూ కాదు. అయితే రాజు, మంత్రి, శకటు, గుర్రం, ఏనుగు, బంటు ఎలా నడుస్తాయో ముందు నుంచీ ఎరిగిన పెద్దవారు ఇంట్లో ఉండబట్టి అది సాధ్యమైంది.

డబ్బాలో వచ్చే ఆటలు

బజారులో కొనే మొదటి తరం ఆటలు కేరమ్సు, లూడో, బిజినెస్. కేరమ్ బోర్డు మీద తొమ్మిది తెల్లకాయలు, తొమ్మిది నల్లకాయలు, ఒక ఎర్రకాయ. ఎర్రకాయను రాణి అంటారు. చూడగానే ఆట తెలిసిపోతుంది కనుక నేర్పవలసిన అవసరం లేదు. అంతర్జాతీయ కేరమ్ సమాఖ్య 1988లో చెన్నైలో ఏర్పడింది. బిజినెస్ ఆట అమెరికాలో 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అమ్మకానికి పెట్టిన మోనోపలీకి భారతీయ రూపం. మోనోపలీకి మూలం ఎలిజబెత్ మాగీ అనే మహిళ 1904లో పేటెంటు పొందిన ఆట. భూస్వాముల పెత్తనంలోని అన్యాయాన్ని చూపించడానికి ఆమె దానిని రూపొందించగా, చివరకు అది స్థలాలు కొని అద్దెలు గుంజి తోటివారిని దివాలా తీయించే ఆటగా ప్రసిద్ధికెక్కడం విచిత్రం. ఎకరాల లెక్క, కౌలు లెక్క కొట్టినపిండి అయిన డెల్టా రైతుకు ఈ ఆట అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు.

రెండవ తరం ఆటలు జర్మనీలో బలపడ్డాయి. అక్కడ 1979 నుండి ఏటా ఉత్తమమైన కుటుంబ ఆటకు పురస్కారం ఇస్తున్నారు. క్లాస్ టాయిబర్ 1995లో రూపొందించిన కటాన్, 2000లో వచ్చిన కార్కసోన్, 2004లో వచ్చిన టికెట్ టు రైడ్, 2017లో వచ్చిన అజూల్ ఈ పురస్కారం పొందినవే. పాత ఆటలతో పోల్చితే వీటిలో రెండు ముఖ్యమైన తేడాలున్నాయి. వీటిలో చాలావాటిలో చంపడం లేదు, ఆట ముగిసేవరకు అందరూ ఆటలోనే ఉంటారు. చివరకు ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయన్నదే లెక్క. రెండవది, 2008లో వచ్చిన పాండెమిక్ వంటి కొన్ని ఆటలలో ఆడేవారంతా ఒకే జట్టు, గెలిస్తే అందరూ గెలిచినట్లు. పచ్చీసులోని జతగాడు మరొక రూపంలో తిరిగివచ్చాడనుకోవచ్చు.

కొత్త ఆట నేర్పడం, నేర్చుకోవడం

కొత్త ఆట డబ్బాలో నియమాల పుస్తకం ఉంటుంది. అది సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. దానిని సునాయాసంగా చదవగలిగేది ఇంట్లో మనుమరాలో, మనుమడో. దీనితో అంతకుముందున్న వరుస తలక్రిందులవుతుంది. అష్టాచెమ్మా తగవు తీర్చిన నాయనమ్మ ఇపుడు పన్నెండేళ్ళ పిల్లను "నా వంతు వచ్చిందటే, ఇపుడేం చేయాలి?" అని అడగవలసి వస్తుంది. సెలవులకు నగరం నుండి ఊరికి వచ్చిన మనుమల దగ్గరైనా, ఆరు నెలలు ఉండిపోదామని అమెరికాకు పోయిన తల్లిదండ్రుల విషయంలోనైనా పరిస్థితి ఇదే. ఒకటి రెండుసార్లు అడిగిన తరువాత పెద్దవారు "మీరు ఆడుకోండమ్మా, నేను చూస్తుంటాను" అని లేచిపోతారు. లేదా పిల్లలు వారి తరఫున కాయ జరుపుతుంటే పక్కన కూర్చుంటారు. ఒకప్పుడు చంటిపిల్లలకు దక్కిన ఆటలో అరటిపండు స్థానం ఇపుడు ఇంటి పెద్దకు దక్కుతుంది. పిల్లలు దీనిని గౌరవమనే భావిస్తారు. పెద్దవారు పైకి ఏమీ అనరు.

ఇది తప్పించలేనిదేమీ కాదు. నియమాల పుస్తకం మొత్తం చదివి వినిపించడం అన్నిటికంటె చెడ్డ పద్ధతి. ఎవరైనా పది నిమిషాలు దాటి వినలేరు. కాయలు పరచి, లెక్కలోకి రాని ఒక చుట్టు అందరి ఎత్తులూ బయటకు చెబుతూ ఆడితే మిగిలినది ఆటలోనే తెలుస్తుంది. పాత ఆటలు పిల్లలకు వచ్చిన తీరు కూడా ఇదే. పెద్దలు ఎరిగిన మాటలలో చెప్పడం మరొక ఉపాయం. కార్కసోన్‌లో పలకలు పేర్చడాన్ని పొలం గట్లు కలపడంతోను, కటాన్‌లో గొర్రెలిచ్చి ఇటుకలు తీసుకోవడాన్ని సంతబేరంతోను పోల్చి చెబితే మరల చెప్పవలసిన పని ఉండదు. కటాన్‌లో బేరమాడే ఘట్టం వచ్చేసరికి సంతలో పశువులను కొని అమ్మిన పెద్దమనిషి ముందు చదువుకున్న పిల్లలు నిలవలేరు. అజూల్, బ్లోకస్ వంటి ఆటలలో చదవవలసిన అక్షరమే లేదు. ముగ్గులు వేసిన చేతికి రంగు బిళ్ళల వరుసలు, మూలలు కలపడం కొత్త విద్య కాదు. ముఖ్యాంశాలను ఒక అరఠావు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి డబ్బాలో ఉంచితే పెద్దవారు వంతు వంతుకూ అడగవలసిన అవసరం తప్పుతుంది. ఇంత చిన్న పని చాలా ఇళ్ళలో ఎవరికీ తోచదు.

ఎదురు పద్ధతి కూడా ఉంది. కొత్త ఆట ఒకటి ఆడిన రోజున పాత ఆట కూడా ఒకటి పెట్టుకుంటే వరుస సరిపోతుంది. మొదటి ఆటలో మనుమరాలు గురువు, రెండవ ఆటలో నాయనమ్మ గురువు. వామనగుంటల ముందు కూర్చున్న పిల్లలకు తమ లెక్కల పాండిత్యం ఏపాటిదో వెంటనే బోధపడుతుంది.

తెలుగు లిపి, పదాల ఆటలు

ఇంగ్లీషు తెలిసిన ఇళ్ళలో స్క్రాబుల్ చాలాకాలంగా ఉంది. 100 బిళ్ళలతో 15 వరుసల పటం మీద మాటలు పేర్చే ఈ ఆటను ఆల్‌ఫ్రెడ్ బట్స్ రూపొందించగా 1948 నుండి ఆ పేరుతో వెలువడుతోంది. దీనిని తెలుగులోకి యథాతథంగా తేవడం కష్టం. ఇంగ్లీషులో 26 అక్షరాలతో పని జరుగుతుంది. తెలుగులో ఒక్క క-గుణింతానికే పన్నెండుకు పైగా రూపాలు. వాటికి వత్తులు చేరితే బిళ్ళల సంఖ్య వందలకు పోతుంది. అచ్చులను, హల్లులను విడివిడిగా బిళ్ళల మీద వేస్తే పటం మీద పేర్చినది తెలుగులా కనిపించదు, పెద్దవారు చదవలేరు. గళ్ళ నుడికట్టులో ఈ చిక్కు లేదు. అక్కడ అక్షరం గుణింతంతో, వత్తుతో సహా ఒకే గడిలో ఇముడుతుంది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు పత్రికా పాఠకులకు సుపరిచితాలు. బిళ్ళలు మాని కాగితం, పెన్సిలు తీసుకుని గళ్ళలో వంతులవారీగా అక్షరాలు రాస్తూ పోతే తెలుగులో పదాల ఆట హాయిగా ఆడవచ్చు. ఈ ఒక్క ఆటలో పెద్దవారికి ఎవరూ నేర్పవలసిన అవసరం ఉండదు. పిల్లలే వారిని మాటలు అడుగుతారు.

ఫోనులో ఆట

ముంబైకి చెందిన గేమెషన్ సంస్థ 2016లో విడుదల చేసిన లూడో కింగ్, 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తరువాత విశేషంగా ప్రచారం పొందింది. వేరు వేరు ఊళ్ళలో చిక్కుకుపోయిన కుటుంబసభ్యులు దాని ద్వారా ఒకే పటం మీద కలుసుకున్నారు. ఫోనులో తొండికి వీలు లేదు, నియమాల మీద వాదన లేదు, కాయ చచ్చిందో లేదో యంత్రమే చెబుతుంది. ఎవరి ఇంటి నియమాలూ అక్కడ చెల్లవు. ఆ ఏడాది కొన్ని ఇళ్ళలో అటక మీది కేరమ్ బోర్డులు, వామనగుంటల పీటలు కూడా క్రిందికి దిగాయి. పీటలోని చింతపిక్కలు పుచ్చిపోయి ఉంటే కొత్తవి ఏరుకోవలసి వచ్చింది.